అటక మీది సామాన్లే ఆర్ట్! ఇత్తడి బిందె, తాటి దోనె కళాఖండాలు ఎలా అవుతాయంటే..

అటక మీద అమ్మమ్మ నాటి ఇత్తడి బిందె ఉందా? పశువుల పాకలో పాత తిరగలి, కవ్వం, కుంచం మూలన పడి ఉన్నాయా? పాత సామాన్ల బండి వస్తే కిలోల లెక్కన వేసేద్దాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఇలాంటి వస్తువులనే సేకరించి, ఒక పద్ధతిలో పేర్చి చూపిస్తే దాన్ని ‘ఇన్‌స్టాలేషన్ ఆర్ట్’ అంటున్నారు. పెద్ద పెద్ద మ్యూజియంలు కూడా వీటికి గదులు కేటాయిస్తున్నాయి.

అసలేంటీ ఇన్‌స్టాలేషన్?

ఇది గోడకు తగిలించే పటం కాదు. పీఠం మీద నిలబెట్టే ఒక్క విగ్రహమూ కాదు. ఒక గదినో, వరండానో, పెరడునో మొత్తంగా కళగా మార్చడం. చూసేవాళ్లు దాని చుట్టూ, ఒక్కోసారి దాని మధ్యలోంచే నడుస్తారు.

వాడుక వస్తువు కళ అవుతుందా అనే గొడవ 1917లోనే మొదలైంది. మార్సెల్ డ్యూషాంప్ అనే ఫ్రెంచ్ కళాకారుడు న్యూయార్క్‌లో ఒక ప్రదర్శనకు పింగాణీ మూత్రశాల తొట్టిని పంపాడు. దానికి ‘ఫౌంటెన్’ అని పేరు పెట్టాడు. నిర్వాహకులు దాన్ని ప్రదర్శనలో పెట్టలేదు. కానీ వస్తువును చేత్తో చేయడమే కాదు, ఏరుకుని చూపించడం కూడా కళే అన్న వాదన అక్కడి నుంచి బలపడింది.

మన దేశంలో సుబోధ్ గుప్తా స్టీలు గిన్నెలు, బకెట్లతో భారీ కళాఖండాలు చేశారు. 2006లో ఆయన స్టీలు సామాన్లతో చేసిన పుర్రె ఆకారం ప్రపంచం దృష్టిలో పడింది. చండీగఢ్‌లో నేక్‌చంద్ పగిలిన గాజులు, పింగాణీ ముక్కలతో కట్టిన రాక్ గార్డెన్ 1976 నుంచే జనానికి తెరిచి ఉంది.

తెనాలిలో ఇనుము.. ఇంట్లో బొమ్మల కొలువు

మన దగ్గరా ఉంది ఈ విద్య. తెనాలి సూర్య శిల్పశాల శిల్పులు నట్లు, బోల్టులు, బండి విడిభాగాలు లాంటి పాత ఇనుముతో నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. అయితే ఇక్కడ ఒక తేడా గమనించాలి. విగ్రహంలో కలిసిపోయాక నట్టు ఇక నట్టుగా కనబడదు. ఇన్‌స్టాలేషన్‌లో మాత్రం బిందె బిందెగానే ఉంటుంది. చుట్టూ పెట్టినవాటి వల్ల దాని అర్థం మారుతుంది.

అలా చూస్తే సంక్రాంతి బొమ్మల కొలువే మనింటి ఇన్‌స్టాలేషన్. బేసి సంఖ్యలో మెట్లు కడతారు. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల పక్కనే చిన్న రోలు, చేట, ప్లాస్టిక్ కారు కూడా పెడతారు. పేరంటానికి పిలిచి చూపిస్తారు. పండగ అయ్యాక తీసి పెట్టెలో భద్రపరుస్తారు. సేకరణ, అమరిక, చూపించడం.. మూడూ ఇందులో ఉన్నాయి.

కొల్లేటి అంచున ఏం పోతోంది?

గుండుగొలను ఊరి పేరులోనే కొలను ఉంది. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో, కొల్లేటి అంచున ఉన్న ఊరిది. కొల్లేరు 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. ఈ గుర్తింపు పక్షులకు, నీటికి సంబంధించినది. లంక గ్రామాల్లో మనుషులు వాడిన వస్తువుల మాటేంటి?

తాటి మొద్దును తొలిచి చేసిన దోనె, వెదురుతో అల్లిన చేపల మావు, చేత్తో అల్లిన వల.. వీటి స్థానంలో ఫైబర్ పడవలు, నైలాన్ వలలు వచ్చాయి. తాటి దోనె పాడైతే పొయ్యిలోకి పోతుంది. మావు పురుగు పట్టి పొడైపోతుంది. వీటికి పాత బజారులో ధర రాదు కాబట్టి దాచేవాళ్లూ తక్కువ. దోనె తొలిచే పనితనం తెలిసినవాళ్లు పెద్దవాళ్లయిపోతున్నారు. వస్తువు పోతే దాన్ని చూపించి అడగడానికి కూడా ఏమీ మిగలదు.

పది వేల వస్తువుల కథ

చైనా కళాకారుడు సాంగ్ డాంగ్ ఏం చేశాడో చూడండి. భర్త చనిపోయాక ఆయన తల్లి బాగా కుంగిపోయింది. కరువు రోజులు చూసిన మనిషి కావడంతో సబ్బు ముక్కలు, సీసాలు, గుడ్డపేలికలు ఏవీ పారేయకుండా దాచింది. ఆ 10,000కు పైగా వస్తువులను తల్లీకొడుకులిద్దరూ కలిసి 2005లో బీజింగ్‌లో ప్రదర్శనగా పేర్చారు. 2009లో అదే ప్రదర్శన న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంకు వెళ్లింది. సబ్బు ముక్కకు విలువ ఎక్కడిది? దాన్ని ఎందుకు దాచిందో తెలియడం వల్ల వచ్చింది.

మీరు మొదలుపెట్టాలంటే..

* ఒకే అంశం ఎంచుకోండి. వంటిల్లు, చేపల వేట, వ్యవసాయం.. ఏదో ఒకటి. అన్నీ కలిపితే అది స్టోర్ రూమే అవుతుంది.
* వస్తువు ఎవరిది, ఎక్కడిది, దేనికి వాడేవారు అన్నది చీటీ మీద రాయండి. వాడినవాళ్లు ఉంటే వాళ్ల మాటల్లోనే ఫోన్‌లో వీడియో తీసుకోండి.
* ఇత్తడిని మెరుపు కోసం అదే పనిగా తోమకండి. చెక్కిన అక్షరాలు అరిగిపోతాయి. చెక్క, వెదురు వస్తువులను ఎండకు, చెమ్మకు దూరంగా పెట్టండి.
* అభయారణ్యంలో పక్షుల గుడ్లు, గూళ్లు సేకరించకండి. అది నేరం.
* విదేశాల్లో ఉన్న పిల్లలకు పాత వస్తువులు పంపేముందు జాగ్రత్త. 1972 నాటి చట్టం ప్రకారం చారిత్రక, కళాత్మక విలువ ఉండి వందేళ్లు దాటినవి పురావస్తువుల కిందకు వస్తాయి. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు.

ఒక్కసారి మీ బిందె మెడ దగ్గర చూడండి. పెళ్లిలో పెట్టినవాళ్ల పేరో, ఊరో, తారీఖో చెక్కి ఉండొచ్చు. పాత సామాన్ల తక్కెడలో ఆ పేరుకు బరువు ఉండదు. ఆ పేరు ఎవరిదో చెప్పగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే అడిగి రాసుకోండి. బిందెను ఎక్కడ పెట్టాలో తర్వాత ఆలోచించవచ్చు.