గోడ కట్టాలంటే చట్టం కావాలి

రెండు పొలాల మధ్య గట్టు ఉంటుంది. గట్టు జానెడు జరిగిందా, తగాదా మొదలు. రెండు దేశాల మధ్య కూడా ఇలాంటి గట్టు ఒకటి ఉంటుంది. దాన్ని సరిహద్దు అంటారు.

అమెరికాకు దక్షిణాన మెక్సికో అనే దేశం ఉంది. ఈ రెండు దేశాల సరిహద్దు సుమారు 3,145 కిలోమీటర్లు. మన దేశం పైనుంచి కిందికి ఎంత పొడవో, ఇంచుమించు అంత! అందులో సగానికి పైగా నదే. ఆ నది పేరు రియో గ్రాండే. మిగతాది ఎడారి, కొండలు, ఊళ్లు.

ఈ సరిహద్దు మొదట్నించీ ఇక్కడ లేదు. 1846లో ఈ రెండు దేశాలకు యుద్ధం వచ్చింది. 1848లో ఒప్పందం జరిగింది. మెక్సికో చాలా పెద్ద భూభాగం పోగొట్టుకుంది. అక్కడి జనం మాత్రం కదల్లేదు. ఉన్నచోటే ఉన్నారు. కదిలింది గట్టే. నిన్నటిదాకా మెక్సికో అయిన ఊరు తెల్లారేసరికి అమెరికా అయింది.

గోడ ఎందుకు?

మెక్సికో నుంచి, దాని కింద ఉన్న దేశాల నుంచి ఎంతోమంది అమెరికా పోతారు. కొందరు కూలి కోసం పోతారు. కొందరు తమ ఊళ్లో ప్రాణభయంతో పోతారు. కాగితాలు ఉన్నవాళ్లు గేటు దగ్గర చూపించి పోతారు. లేనివాళ్లు చాటుగా దాటుతారు.

"మా ఇంటికి ఎవరు వస్తున్నారో మాకు తెలియాలి కదా! మత్తుమందులు కూడా వస్తున్నాయి. గోడ కట్టాల్సిందే" అని కొందరు అంటారు.

"మత్తుమందులు ఎక్కువగా గేట్ల గుండానే, బండ్లలో దాచి తెస్తున్నారు. వీసా మీద వచ్చి, గడువు దాటినా ఉండిపోయేవాళ్లూ చాలామంది. వాళ్లను గోడ ఎలా ఆపుతుంది?" అని ఇంకొందరు అడుగుతారు.

చట్టం ఎలా వచ్చింది?

అధ్యక్షుడు అనుకోగానే గోడ లేవదు. అమెరికా పార్లమెంటును కాంగ్రెస్ అంటారు. ఇది పార్టీ పేరు కాదు. అందులో రెండు సభలు ఉంటాయి. మన లోక్‌సభ, రాజ్యసభ లాగా. రెండు సభలూ ఒప్పుకోవాలి. ఆ తరవాత అధ్యక్షుడు సంతకం పెట్టాలి. అప్పుడే చట్టం అవుతుంది.

2006లో కంచె చట్టం వచ్చింది. కింది సభలో 283 మంది అవునన్నారు. 138 మంది కాదన్నారు. పై సభలో 80 మంది అవునన్నారు. 19 మంది కాదన్నారు. అక్టోబర్ 26న అప్పటి అధ్యక్షుడు బుష్ సంతకం పెట్టారు. సుమారు 1,100 కిలోమీటర్లు రెండు వరసల కంచె కట్టాలని అందులో రాశారు.

మరుసటి ఏడాదే ఆ చట్టాన్ని మార్చారు. ఎక్కడ ఎలాంటి కంచె కావాలో ఆ శాఖ మంత్రి నిర్ణయించవచ్చు అన్నారు. దాంతో చాలాచోట్ల బండ్లను ఆపే స్తంభాలు మాత్రమే పాతారు. మనిషి వాటి సందులోంచి నడిచిపోవచ్చు.

డబ్బు ఎవరిది?

చట్టం ఉంటే చాలదు. డబ్బు కావాలి. ఆ డబ్బు జనం కట్టిన పన్ను. అది ఇచ్చేది కూడా కాంగ్రెసే.

2016 ఎన్నికల్లో డొనాల్డ్ ట్రంప్ పెద్ద గోడ కడతానన్నారు. ఖర్చు మెక్సికో పెట్టుకుంటుందని చెప్పారు. మెక్సికో పెట్టలేదు. 2018 చివర్లో ఆయన కాంగ్రెస్‌ను 570 కోట్ల డాలర్లు అడిగారు. కాంగ్రెస్ ఇవ్వనంది. పంతం ముదిరింది. 35 రోజులు ఎన్నో ప్రభుత్వ ఆఫీసులు మూతపడ్డాయి. సుమారు 8 లక్షల మంది ఉద్యోగులకు వేళకు జీతం రాలేదు. చివరికి 137 కోట్ల డాలర్ల పైచిలుకు ఇచ్చారు. అది చాలక ట్రంప్ ఎమర్జెన్సీ ప్రకటించారు. సైన్యానికి ఇచ్చిన డబ్బు గోడకు మళ్లించారు. దీని మీద కోర్టుల్లో కేసులు పడ్డాయి.

2021లో బైడెన్ అధ్యక్షుడయ్యారు. మొదటి రోజే పని ఆపమన్నారు. 2025లో ట్రంప్ మళ్లీ వచ్చారు. ఆ ఏడాది జూలై 4న ఒక పెద్ద చట్టం మీద సంతకం పెట్టారు. అందులో గోడకు సుమారు 4,650 కోట్ల డాలర్లు ఉన్నాయి. మన లెక్కలో దాదాపు 4 లక్షల కోట్ల రూపాయలు. ఆ చట్టానికి పై సభలో 50 ఓట్లు అటు, 50 ఓట్లు ఇటు పడ్డాయి. ఉపాధ్యక్షుడు తన ఓటు వేస్తే గెలిచింది. ఒక్క ఓటు!

భూమి ఎవరిది?

టెక్సాస్ రాష్ట్రంలో నది ఒడ్డు భూములు ఎక్కువగా రైతులవి. వరద వస్తుంది కాబట్టి గోడ నదిలో కట్టరు. ఒడ్డుకు ఇవతల, పొలాల్లో కడతారు. అప్పుడు పొలంలో కొంత ముక్క గోడకు అవతల మిగిలిపోతుంది. సొంత చేలోకి పోవాలన్నా గేటు తీసుకుని పోవాలి.

భూమి ఇవ్వనంటే ప్రభుత్వం కోర్టుకు పోతుంది. ముందు భూమి తీసుకోవచ్చు. ధర సంగతి తరవాత తేలుతుంది. 2005 నాటి ఇంకో చట్టం కూడా ఉంది. గోడకు అడ్డం వచ్చే చట్టాలను మంత్రి పక్కన పెట్టవచ్చు. నీటిని, అడవిని, పాత సమాధులను కాపాడే చట్టాలు కూడా అలా పక్కకు పోయాయి.

అరిజోనా రాష్ట్రంలో తొహోనో ఊధమ్ అనే ఆదివాసులు ఉన్నారు. వాళ్ల నేల మధ్యలోంచే సరిహద్దు పోతుంది. అక్క ఇటు, చెల్లెలు అటు. దేవుడి గుట్టలు, నీటి ఊటలు కూడా ఆ గీత దగ్గరే ఉన్నాయి.

గోడ ఆపిందా?

ఊళ్ల దగ్గర దాటడం కష్టమైంది. దాంతో జనం ఎడారి దారి పట్టారు. ఎండకు, దాహానికి వేలమంది చనిపోయారు. 30 అడుగుల గోడ ఎక్కి, జారిపడి నడుములు విరిగినవాళ్లూ ఉన్నారు.

ఆ దారిలో మన దేశం వాళ్లు కూడా పోతున్నారు. ఏజెంట్ల మాట నమ్మి, పొలం అమ్మి లక్షలు కడుతున్నారు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం 104 మంది భారతీయులను అమృత్‌సర్‌లో దింపింది. వాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు కూడా ఉన్నారు. కట్టిన డబ్బు పోయింది. అప్పు మిగిలింది.

మన దేశానికీ కంచె ఉంది. బంగ్లాదేశ్‌తో మన సరిహద్దు 4,096 కిలోమీటర్లు. చాలాచోట్ల కంచె గీతకు కాస్త లోపల, మన వైపే ఉంది. అందువల్ల కొందరు రైతుల పొలాలు కంచెకు అవతల పడ్డాయి. వాళ్లు గేటు దగ్గర కార్డు చూపించి చేలోకి పోవాలి. గేటు మూసే వేళకు తిరిగి రావాలి.

గోడ కావాలా, వద్దా? రెండు వైపులా మాటలున్నాయి. కానీ చట్టం రాసేవాళ్లను పంపేది ఓటు. ఖర్చయ్యేది జనం పన్ను. పోయేది ఒకరి పొలం. కాబట్టి చట్టంలో ఏం రాశారో చదవాలి. తెలియకపోతే అడగాలి.

కొత్త మాటలు

సరిహద్దు: ఒక దేశం ముగిసి ఇంకో దేశం మొదలయ్యే చోటు.
వీసా: వేరే దేశంలోకి వెళ్లడానికి ఆ దేశం ఇచ్చే అనుమతి.
సవరణ: ఉన్న చట్టాన్ని మార్చడం.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో రోడ్డుకో, కాలువకో ఎవరి భూమైనా తీసుకున్నారా? వాళ్లను ముందు అడిగారా? డబ్బు ఎప్పుడు ఇచ్చారు?
2. విదేశం పంపిస్తానని ఏజెంటు వస్తే ఏయే కాగితాలు అడగాలి?
3. ఒక్క ఓటుతో చట్టం గెలిచింది. మీ ఓటు గురించి మీరేమనుకుంటున్నారు?