పదివేల మందిలో ఒకడు

అమెరికాలోని లాస్ వేగాస్ నగరంలో ప్రపంచ పోకర్ పోటీలు 1970లో మొదలైనవి. 2003లో క్రిస్ మనీమేకర్ అనే టెనెసీ అకౌంటెంటు, ఇంటర్నెట్‌లో 86 డాలర్ల చిన్న ఆటతో ప్రధాన పోటీకి ప్రవేశం సంపాదించి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు గెలిచాడు. అప్పటినుండి సరదాకు పేకాడే సామాన్యులనేకులు సెలవు పెట్టి విమానమెక్కుచున్నారు.

“ఇది జూదం కాదు, తెలివి. కట్టిన రుసుముకు మించి పోయేదేమీ లేదు” అని వారంటారు. ఆ ఆటలో నేర్పున్నదని మేమూ ఒప్పుకుంటాము. అయితే ఒక లెక్క చూడండి. 2023లో ప్రధాన పోటీకి రుసుము 10,000 డాలర్లు. ఆడినవారు 10,043 మంది. ప్రతి రుసుములో 700 డాలర్లు ముందే మినహాయించారు. బహుమతి దక్కినది 1,507 మందికి. మిగిలిన 8,536 మంది వట్టి చేతులతో లేచారు. మొదటివానికి వచ్చిన కోటీ 21 లక్షల డాలర్లు ఆ తోటివారు పోగొట్టుకొన్న సొమ్ములోనివే.

రైతు పంట పండిస్తే మరొకరి గాదె ఖాళీ కాదు. ఇక్కడ పొరుగువాడు ఓడితేనే మనకు లాభం. కష్టపడి పనిచేయడమెందుకో పౌలు ఎఫెసీయులకు వ్రాస్తూ, అక్కరలోనున్న వారికి ఇవ్వగలుగుటకే అన్నాడు. పేకబల్ల దగ్గర ఆ చేయి ఇచ్చేది కాదు, లాగుకొనేది.

ప్రియ తలిదండ్రులారా, ఆ దేశంలో ఉద్యోగం చేసే మీ బిడ్డలు ఆ నగరానికి బయలుదేరితే కోపపడకండి. ఈ లెక్క వారికి చెప్పండి. ఓడి ఇల్లు చేరేవారి కుటుంబాలనుకూడ ప్రార్థనలో జ్ఞాపకం చేసికొందము.