సరుకు తగాదాలకు ఆర్బిట్రేషన్: పల్నాటి వర్తకులకు ఉన్న దారి

నరసరావుపేట: ధర నిలకడగా ఉన్నంతకాలం వ్యాపారంలో నోటిమాట చెల్లుతుంది. ధర పడిన మరునాడే తేమ, తాలు, తరుగు గుర్తుకు వస్తాయి. 2022 మే నెలలో దూది కాండీ లక్ష రూపాయలు దాటి ఆ పిమ్మట దిగజారిన సంగతి జిన్నింగ్ మిల్లుల వారికి విదితమే. మిర్చి ధరలు బాగా తగ్గిన మీదట 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల మార్కెట్ జోక్యపు ధర ప్రకటించవలసి వచ్చింది. ఇటువంటి రోజులలోనే పై రాష్ట్రపు కొనుగోలుదారు "మచ్చు ఒకటి, సరుకు ఒకటి" అంటూ బాకీ బిగబట్టడం కద్దు.

తగాదా వస్తే పెద్దమనుషులను కూర్చోబెట్టడం పల్నాటికి కొత్త కాదు. (గడువు తీరినాక షరతుపై పేచీ పడితే ఏమవుతుందో కారెంపూడి ఎన్నడో చూసింది.) ఇరుపక్షాలదీ ఒకే ఊరైతే అది సరిపోతుంది. ఢిల్లీ పార్టీయో, కోయంబత్తూరు మిల్లో ఆ మాటకు కట్టుబడవలసిన పని లేదు. ముందుగా వ్రాతపూర్వక ఒప్పందం లేనిదే అటువంటి తీర్పుకు ఆర్బిట్రేషన్ అవార్డు హోదా రాదు.

1940 నాటి చట్టం స్థానే 1996లో వచ్చిన ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం అవార్డును కోర్టు డిక్రీ వలెనే అమలు జరుపుకోవచ్చును. ఒప్పందంలో షరతు ఉండగా ఎదుటివారు దావా వేస్తే, మొదటి జవాబు దాఖలుకు ముందే ఆ సంగతి కోర్టుకు తెలిపితే చాలు, తగాదా ఆర్బిట్రేటర్ వద్దకే వెళ్తుంది. 2019 సవరణ మేరకు ఇరుపక్షాల వాదపత్రాలు ముగిసిన 12 నెలల లోపు అవార్డు రావాలి. ఇరువురూ ఒప్పుకుంటే మరో 6 నెలలు. అవార్డును సవాలు చేయడానికి 3 నెలల గడువు ఉన్నది గాని, అందుకు కారణాలు బహు పరిమితం.

షరతు ఒక్క వాక్యమే అయినా చిక్కులు అందులోనే ఉన్నాయి. "మేము నియమించిన వారే ఆర్బిట్రేటర్" అని బిల్లు వెనుక అచ్చువేయించుకుంటే నిలవదు. ఫలితంలో ఆసక్తి ఉన్న పక్షం ఏకైక ఆర్బిట్రేటర్‌ను తానే నియమించరాదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. బేరం కుదిర్చిన దళారీని కూర్చోబెట్టడమూ ప్రమాదమే. ఏదో ఒక పక్షంతో వ్యాపార సంబంధం ఉన్నవారిని చట్టం అనర్హులుగా ఎంచుతుంది. తగాదా పుట్టిన తరువాత ఇరువురూ వ్రాతపూర్వకంగా సమ్మతిస్తేనే మినహాయింపు. ఆర్బిట్రేషన్ స్థానం నరసరావుపేటా, కోయంబత్తూరా అన్నది కూడా వ్రాసుకోవాలి. అవార్డుపై సవాలు ఆ స్థానపు కోర్టులోనే నడుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం మచ్చు. ఇరువురి సంతకాలతో సీలు వేసిన మచ్చు, కాటా చిట్టీ లేకుంటే ఎంతటి ఆర్బిట్రేటర్ అయినా చేయగలిగింది తక్కువ. కోల్డ్ స్టోరేజిలోని సరుకును ఎదుటివారు అమ్ముకొనే ప్రమాదముంటే ఆర్బిట్రేషన్‌కు ముందే కోర్టు నుండి మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చును. దాని తరువాత 90 రోజులలో ఆర్బిట్రేషన్ మొదలు పెట్టాలి. దూది నాణ్యతపై తగాదాలకు బొంబాయిలో 1921 నుండి ఉన్న కాటన్ అసోసియేషన్ సొంత ఏర్పాటు కలిగి ఉన్నది.

ఖర్చు సంగతి దాచవలసినది కాదు. చట్టంలోని నమూనా రేటు ప్రకారం 20 లక్షల తగాదాకు ఫీజు 97,500 రూపాయలు. ఆర్బిట్రేటర్ ఒక్కరే అయితే దానిపై 25 శాతం అదనం. కనుక ఫీజును ఒప్పందంలోనే నిర్ణయించుకోవడం మేలు. లక్ష, రెండు లక్షల బాకీకి ఈ దారి గిట్టదు. రాజీకి వీలుంటే లోక్ అదాలత్ చాలు. అక్కడి అవార్డుపై అప్పీలు లేదు.

గడువు విషయంలో మాత్రం ఆర్బిట్రేషన్‌కూ మినహాయింపు లేదు, బాకీకి 3 సంవత్సరాలే. "వచ్చే సీజనులో సర్దుతాను" అన్న ఫోను మాటతో అది పొడగదు. బాకీని అంగీకరిస్తూ గడువు లోపల సంతకం చేసిన కాగితం కావాలి. లేదా ఆర్బిట్రేషన్ కోరుతూ నోటీసు ఆలోగా ఎదుటివారికి అందాలి. అది అందిన నాడే ఆర్బిట్రేషన్ మొదలైనట్లు లెక్క.