గురి యెచట నుండవలెను?

ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షించిన కథ మనమందర మెరిగినదే. చెట్టుమీద నేమి కనబడుచున్నదని గురువు ప్రశ్నింపగా, పక్షి శిరస్సు తప్ప వేరేమియు కనబడుట లేదని యర్జునుడు బదులు చెప్పెను. కాని పిస్తోలు కాల్చుట నేర్వవచ్చిన విద్యార్థితో గురువు, “లక్ష్యమును చూడకుము” అని చెప్పును! దీనికి కారణమేమో విచారింతము.

ఒలింపిక్ క్రీడలలో 10 మీటర్ల గాలి పిస్తోలు పోటీ యొకటి కలదు. 2024లో పారిస్ నగరమున మను భాకర్ కాంస్యపతకము గెలుచుకొన్నది ఈ పోటీలోనే. ఇందు మందుగుండు ఉండదు. అదిమి నింపిన గాలి 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండును ముందునకు త్రోయును. ఒక్క చేతితోనే కాల్చవలెను. పది మార్కులు లభించు నడిమి వృత్తపు వెడల్పు 11.5 మిల్లీమీటర్లు మాత్రమే.

గురి చూచుటకు పిస్తోలుపై వెనుక నొక గాడియు, ముందొక మొనయు నుండును. గాడి, మొన, లక్ష్యము మూడును వేర్వేరు దూరములం దున్నవి. మన కన్ను ఒక్కసారి ఒక్క దూరమునే స్పష్టముగా చూడగలదు. కావున దేనిని స్పష్టముగా చూడవలెను?

లెక్క వేసి చూతము. గాడికిని మొనకును నడుమ 30 సెంటీమీటర్లున్న దనుకొందము. 10 మీటర్ల దూరము దానికి సుమారు 33 రెట్లు. మొన గాడిలో 1 మిల్లీమీటరు ప్రక్కకు తొలగినచో, గుండు లక్ష్యమువద్ద సుమారు 33 మిల్లీమీటర్లు తొలగును. పదికి బదులు ఆరు మార్కులే వచ్చును. అట్లుగాక, పిస్తోలు వాలు మారక చేయి మాత్రమే 1 మిల్లీమీటరు జరిగినచో, గుండును అంతే జరుగును. కావుననే చూపు ముందు మొనపై నిలువవలెను. లక్ష్యము మసకగా కనబడినను నష్టము లేదు.

రెండవ పాఠము వ్రేలికి సంబంధించినది. ట్రిగ్గరును చటుక్కున లాగినచో మొన తొలగును. ఊపిరి కొంత విడిచి, నిలిపి, మెల్లమెల్లగా నొత్తవలెను. కొన్ని క్షణములలో గురి కుదురనిచో, చేయి దించి మరల మొదలిడవలెను. గుండు లేకుండ చేయు అభ్యాసము దీనికి మిక్కిలి తోడ్పడును. అయినను, ఇది శిక్షకుని యెదుట, కాల్పుల మైదానమునందే నేర్వదగిన విద్య. పిస్తోలు మొగము సర్వదా లక్ష్యమువైపే యుండవలెను. కాల్చు వరకు వ్రేలు ట్రిగ్గరుపై నుంచరాదు.

హంగరీ దేశపు సైనికుడు కారోలీ టకాచ్ పిస్తోలు కాల్చుటలో మేటి. 1938లో చేతిబాంబు పేలి యాతని కుడిచేయి పోయెను. ఆతడు నిరాశ చెందక, ఎడమచేతితో తొలిపాఠమునుండి మరల నేర్చుకొనెను. 1948లో లండనునందును, 1952లో హెల్సింకియందును వేగపు పిస్తోలు పోటీలో స్వర్ణపతకములు గెలిచెను. తొలిపాఠములను చిన్నచూపు చూడక మరల నభ్యసించుటయే యాతని విజయమునకు మూలము.