స్పిన్ సంబద్ధత (అర్ధవాహకాలు)

అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లు ఒకచోటి నుండి మరొకచోటికి కదలునప్పుడు వాటి స్పిన్‌ల దశ చెదరక నిలిచియుండుటను స్పిన్ సంబద్ధత అంటారు. విద్యుదావేశానికి బదులు స్పిన్‌తో సమాచారాన్ని మోయించే స్పింట్రానిక్స్‌కు, క్వాంటం కంప్యూటర్లకు ఇది ముఖ్యావసరం. సుప్రియో దత్తా, బిశ్వజిత్ దాస్ 1990లో ప్రతిపాదించిన స్పిన్ ట్రాన్సిస్టరు కూడా దీనిపైనే ఆధారపడింది.

ఎలక్ట్రాను బొంగరంలా తన చుట్టూ తాను తిరుగుతుందనే పాఠ్యపుస్తకాల పోలిక అక్షరాలా నిజం కాదు. అయినా అది చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుందని గ్రహించడానికి చాలు. అయస్కాంత క్షేత్రంలో దాని మొన, వాలిన బొంగరం తలవలె, గుండ్రంగా తిరుగుతుంది. ఒకేసారి బయలుదేరిన ఎలక్ట్రాన్లలో కొన్ని ముందుకు, కొన్ని వెనుకకు పడితే, ఏ ఒక్క స్పిన్ నశించకపోయినా మొత్తం సంకేతం మాయమవుతుంది.

చెదరుటకు కారణాలు

గాలియం ఆర్సెనైడ్ వంటి స్ఫటికాల లోపలి విద్యుత్ క్షేత్రం, కదిలే ఎలక్ట్రానుకు అయస్కాంత క్షేత్రంగా తోస్తుంది. దీనిని స్పిన్-కక్ష్య చర్య అంటారు. ఈ క్షేత్రం ఎలక్ట్రాను వేగాన్ని, దిశను బట్టి మారుతుంది. మలినాలను, స్ఫటిక కంపనాలను ఢీకొని ఎలక్ట్రాను దారి మళ్ళినప్పుడల్లా స్పిన్ తిరిగే అక్షం కూడా మారుతుంది. సోవియట్ శాస్త్రజ్ఞులు ద్యాకొనోవ్, పెరెల్ దీనిని 1971లో వివరించారు. విద్యార్థులు తడబడేది ఇక్కడే: ఈ విధానంలో అభిఘాతాలు పెరిగినకొద్దీ స్పిన్ ఎక్కువకాలం నిలుస్తుంది! స్పిన్ ఒకవైపు ఎంతో కొంత తిరిగేలోపే అక్షం మారిపోవుటచే ఆ తిరుగుళ్ళు చాలావరకు ఒకదానినొకటి రద్దుచేసుకుంటాయి. ఇలియట్-యాఫెట్ విధానంలో స్పిన్ తిరగబడేది ఢీకొన్నప్పుడే కనుక ఫలితం ఇందుకు విరుద్ధం. పరమాణు కేంద్రకాల స్పిన్‌లు కూడా కొంత చెరుపు చేస్తాయి.

ప్రయోగాలు

కికావా, ఆషలోమ్ 1998లో అతిశీతల గాలియం ఆర్సెనైడ్‌లో 100 నానోసెకన్లకు మించిన స్పిన్ జీవితకాలాన్ని కనుగొన్నారు. మరుసటి సంవత్సరం ఆ స్పిన్‌లను విద్యుత్ క్షేత్రంతో 100 మైక్రోమీటర్లకు పైగా, అనగా సుమారు ఒక వెంట్రుక మందమంత దూరం, లాగి చూపారు. సిలికాన్ స్ఫటికపు సౌష్ఠవం వలన అందులో ద్యాకొనోవ్-పెరెల్ విధానం పనిచేయదు. 2007లో యాపెల్‌బామ్ బృందం 350 మైక్రోమీటర్ల మందం గల సిలికాన్ పలకను స్పిన్‌లచే దాటించింది.

అలలపై ప్రయాణం

నెల్లూరు జిల్లా మైపాడు తీరాన పడవలు అలనెక్కి ఒడ్డు చేరడం చూచినవారికి ఈ పద్ధతి సులభంగా బోధపడుతుంది. గాలియం ఆర్సెనైడ్ ఉపరితలంపై ధ్వని తరంగాన్ని పంపితే, దానితోపాటు విద్యుత్ పొటెన్షియల్ అల కూడా సెకనుకు సుమారు 3 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది. అయితే ఎలక్ట్రాను కూర్చునేది అల శిఖరాన కాదు, పల్లంలో. ఆ ఇరుకు పల్లంలో అది ఎటూ ఎక్కువ దూరం పోలేదు, గోడల నుండి మాటిమాటికీ వెనుదిరుగుతుంది. కనుక పైన చెప్పిన రద్దు ఇక్కడ మరింత బలంగా జరుగుతుంది. 2005లో బెర్లిన్‌లోని పాల్ డ్రూడే సంస్థ పరిశోధకులు ఈ విధంగా స్పిన్‌లను 100 మైక్రోమీటర్ల దూరం సంబద్ధంగా చేర్చారు.

సిలికాన్‌లో ధ్వనికి బదులు వరుస ఎలక్ట్రోడుల వోల్టేజీలతోనే కదిలే పల్లాన్ని సృష్టిస్తారు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ బృందం 2024లో వెల్లడించిన ప్రయోగంలో ఒకే ఎలక్ట్రానును ముందుకు వెనుకకు నడిపి, మొత్తం 10 మైక్రోమీటర్ల దూరాన్ని 200 నానోసెకన్లలోపు సగటున 99.5 శాతం విశ్వసనీయతతో దాటించారు.