కొయ్య ముఖం వెనుక మనిషి

మెక్సికోను ఆనుకొని గ్వాటెమాల అనే దేశమున్నది. అక్కడి కొండ గ్రామాలలో మొక్కజొన్న పండించుకొని జీవించే మాయా ప్రజలు, ఊరి పండుగ వచ్చిందంటే కొయ్యతో చెక్కిన జంతువుల ముఖాలు ధరించి నాట్యం చేస్తారు. ఆ సంగతులు కొన్ని పాఠకులకు తెలియజేస్తున్నాము.

వీటిలో పేరు పొందినది జింక నాట్యం. జింకలు, కోతులు, మచ్చల పులి వంటి జాగ్వార్, వేటగాళ్లు ఇందులోని పాత్రలు. కొయ్య పలకలను కర్రలతో మ్రోగించే మారింబా వాద్యానికి అనుగుణంగా అడుగులు వేస్తారు. కథ ఊరూరికీ కొంత మారుతుంది.

ముఖాన్ని ఒకే కొయ్య దుంగనుండి తొలిచి, రంగులు పూస్తారు. చూచుటకు సన్నని రంధ్రాలుంటాయి. ముఖాలను, దుస్తులను అద్దెకిచ్చే పనిశాలలను 'మొరేరియా' లంటారు. టోటోనికపాన్, చిచికాస్తెనాంగో పట్టణాలు ఇందుకు ప్రసిద్ధి. అద్దె సొమ్ము నాట్యకారులే చెల్లించాలి. పేద రైతుకు అది చిన్న భారం కాదు. అయినా చాలామంది మ్రొక్కుబడిగా ఆడతారు.

రబినాల్ పట్టణంలో మరొక నాటకం ఉన్నది. పౌలు మారుమనస్సు పొందుటను స్మరించే జనవరి 25న దానిని ఆడతారు. గ్రద్ద, జాగ్వార్ పేర్లుగల యోధులు అందులో కనిపిస్తారు. స్పెయిన్ పాలకులు ఇటువంటి నాట్యాలను పలుమార్లు నిషేధించారు. 1980ల ఆరంభంలో అంతర్యుద్ధం ఆ ప్రాంతంలో వేలమందిని బలిగొన్నది. 1996లో శాంతి ఒప్పందం కుదిరింది. 2005లో యునెస్కో ఆ నాటకాన్ని మానవజాతి వారసత్వంగా ప్రకటించింది.

1882లో ఆ దేశంలో ప్రెస్బిటేరియన్ మిషనరీ సేవ ఆరంభమైంది. నేడు మాయా ప్రజలలో ప్రొటెస్టెంటు విశ్వాసులు అనేకులు. నాట్యానికి ముందు ముఖాలకు ధూపం వేసి, క్రొవ్వొత్తులు వెలిగించే ఆచారమున్నది గనుక చాలామంది విశ్వాసులు అందులో పాలుపొందరు. అందుచేత ఒకే ఇంట తండ్రి ముఖం ధరిస్తే, కుమారుడు ప్రార్థనకు వెళ్లే పరిస్థితి రావచ్చు. ఇది కన్నీటితో కూడిన సమస్య.

ప్రియ పాఠకులారా, మన పల్లెలలోను ఇట్టి కుటుంబాలు లేకపోలేదు. విశ్వాసంలో స్థిరంగా నిలుద్దాం. అయితే తాతల చేతిపనిని, తండ్రి కష్టాన్ని హేళన చేయక, ఒకే కంచం దగ్గర కలిసి కూర్చుందాం.