దసరాకు పద్మిని రోడ్డెక్కుతుందా? ఇంట్లో పాత కారు రీస్టోరేషన్‌కి డెడ్‌లైన్ లెక్క ఇలా వేశా

ఓబీడీ స్కానర్ గుచ్చడానికి సాకెట్ లేదు. ఈసీయూ లేదు, ఎర్రర్ కోడ్ లేదు, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అసలే లేదు. 1984 మోడల్ ప్రీమియర్ పద్మినిలో ఏం పాడైందో చెప్పే స్క్రీన్ ఎక్కడా ఉండదు. అలాంటి బండిని సుల్తానాబాద్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఉద్యోగం చేసుకుంటూ, ఖాళీ టైంలో రీస్టోర్ చేయాలంటే ఎన్నాళ్లు పడుతుంది? యూట్యూబ్‌లో ఇరవై నిమిషాలు. టైమ్‌ల్యాప్స్‌లో తుప్పు పోతుంది, రంగు వస్తుంది, పాట మారేలోపు కారు మెరుస్తుంది. మన షెడ్డులో లెక్క వేరే.

ఈసారి ఫోన్ రివ్యూ కాదు. కానీ ఇందులో ఫోన్ ఉంది, ఎండోస్కోప్ కెమెరా ఉంది, స్ప్రెడ్‌షీట్ ఉంది. కాబట్టి ఈ సైట్‌లో చోటు ఉంటుందనుకుంటున్నా.

ముందు బండి గురించి రెండు ముక్కలు. ఇది ఇటలీ ఫియట్ 1100 డీ. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఫ్యాక్టరీలో తయారైంది. 1970ల్లో దీనికి పద్మిని అని పేరు పెట్టారు. 1089 సీసీ పెట్రోల్ ఇంజన్, సుమారు 40 హార్స్‌పవర్, స్టీరింగ్ పక్కన గేర్ రాడ్, నాలుగు గేర్లు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు. ఇప్పటి 125 సీసీ బైక్‌లలో కూడా ముందు డిస్క్ బ్రేక్ దొరుకుతోంది, దీనికి ఒక్కటీ లేదు. లారీలా విడి ఛాసిస్ కూడా ఉండదు, బాడీయే ఛాసిస్. అంటే ఫ్లోర్ తుప్పు పట్టిందంటే అది అందం సమస్య కాదు, బండి నడుము సమస్య.

డెడ్‌లైన్ ఎవరిది?

చాలామంది కారును చూసి డెడ్‌లైన్ పెడతారు. మా ఇంట్లో డెడ్‌లైన్ బాపును చూసి పెట్టాల్సి వచ్చింది. ఆయనకు 71. డ్రైవింగ్ లైసెన్స్ ఈ డిసెంబర్‌తో అయిపోతుంది. 55 దాటినవాళ్లకు ఐదేళ్లకోసారే రెన్యూవల్, దానికి డాక్టర్ సంతకంతో ఫారం 1ఏ కావాలి. ఒక కన్నుకు ఆపరేషన్ అయింది, రెండోదాని సంగతి డాక్టర్ ఇంకా తేల్చలేదు. రెన్యూవల్ అవుతుందో లేదో ఇంట్లో ఎవరూ గట్టిగా చెప్పట్లేదు. ఆయన కోరిక ఒక్కటే: దసరా నాడు బండికి పూజ చేసి, గుమ్మడికాయ కొట్టి, తనే నడుపుకుంటూ జమ్మి దగ్గరికి పోవాలి.

సంక్రాంతి తర్వాత పని మొదలు, అక్టోబర్‌లో దసరా. చేతిలో తొమ్మిది నెలలు. వినడానికి బోలెడంత టైం.

నెలకు నిజంగా ఎన్ని గంటలు?

"ప్రతి ఆదివారం కూర్చుంటా" అనే మాటను నమ్మొద్దు. ఫోన్‌ను అడగండి. నేను గూగుల్ మ్యాప్స్ టైమ్‌లైన్, కేలండర్ రెండూ తెరిచి వెనక్కి మూడు నెలలు లెక్కపెట్టా. 13 ఆదివారాల్లో రోజంతా ఇంటి దగ్గరున్నవి 8. మిగతావి పెళ్లిళ్లు, ఒక దశదినకర్మ, ఒక బోనాలు. 8 ఆదివారాలు, రోజుకు ఆరు గంటలు అంటే 48, నెలకు 16. కరీంనగర్ డ్యూటీ నుంచి వచ్చాక వారంలో ఒకటి రెండు రాత్రులు కలిపితే ఇంకో 9. మొత్తం నెలకు 25 గంటలు. ఇది నా బ్యాండ్‌విడ్త్. దీన్ని 40 అని రాసుకున్నంత మాత్రాన రోజు పెరగదు.

ఇక పని వైపు. విప్పడం, ఫొటోలు, లేబుళ్లు 40 గంటలు. టింకరింగ్, అంటే తుప్పు కోసి కొత్త రేకు అతకడం, 220. ఇంజన్ 60. బ్రేకులు, సస్పెన్షన్ 60. వైరింగ్ 45. పుట్టీ, రుద్దుడు, పెయింట్ 150. సీట్లు, అద్దాలు, రబ్బరు బీడింగులు 50. తిరిగి బిగించడం 110. ఆర్టీఏ, టెస్ట్ డ్రైవ్‌లు 25. మొత్తం 760 గంటలు. నెలకు 25 చొప్పున 30 నెలలు దాటుతుంది. టింకరింగ్, పెయింట్ బయట ఇచ్చేస్తే 370 తగ్గుతాయి, కానీ షెడ్ల చుట్టూ తిరగడానికి 40 కలపాలి. 430 గంటలు, 17 నెలలు. ఈ దసరా అప్పుడే పోయింది.

ఇంతకంటే చేదు విషయం ఇంకోటి ఉంది. మనిషి తన పనికి తక్కువ టైం అంచనా వేసుకునే ఈ అలవాటుకు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వర్‌స్కీ 1979లోనే 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరు పెట్టారు. 1994లో అచ్చైన ఒక అధ్యయనంలో థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్ని రోజులు పడుతుందని అడిగారు. సగటున 34 రోజులు అన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 అన్నారు. నిజంగా పట్టింది 55 దాటింది. గమనించండి, 'అన్నీ అడ్డం తిరిగితే' లెక్క కూడా చాల్లేదు.

34కు 55 అంటే 1.6 రెట్లు. థీసిస్‌కూ పద్మినికీ సంబంధం ఏంటని అడగొచ్చు. రెండూ ఒక్కడే చేసే, మొదటిసారి చేసే, మధ్యలో ఎవరూ తొందరపెట్టని పనులు. అందుకే అదే గుణకం వాడా. 430 గంటలు 688 అయ్యాయి. 27 నెలల పైమాటే. రీస్టోరేషన్ చేసినవాళ్లను కూడా "నాకు ఎంత పడుతుంది?" అని అడగకండి, అందరూ ధైర్యం చెప్తారు. "మీకు ఎంత పట్టింది, ఏ నెలలో మొదలుపెట్టి ఏ నెలలో రోడ్డెక్కారు?" అని అడగండి. సమాధానం చెప్పేముందు వాళ్లు నవ్వుతారు.

ఊరి కేలండర్

విదేశీ గైడ్లలో కనిపించని చాప్టర్ ఇది. సుల్తానాబాద్ చుట్టూ వడ్లు, రైస్ మిల్లులు. కాకతీయ కాలువ నీళ్లతో ఇక్కడ రెండు పంటలు. యాసంగి కోతలు ఏప్రిల్, మే. వానాకాలం కోతలు అక్టోబర్ చివర, నవంబర్. ఆ నెలల్లో వెల్డింగ్ షాపు, లేత్ షాపు మొత్తం హార్వెస్టర్లవీ, ట్రాక్టర్ ట్రాలీలవీ, మిల్లు ఎలివేటర్లవీ. నేను మాట్లాడుకున్న మేస్త్రీ మొదటి రోజే చెప్పిండు: "ఏప్రిల్ల రాకు తమ్మీ. కోతల టైంల కారు పని ముట్టుకోను. మిషిన్ ఆగితే రైతు ఆగుతడు." ఆయన మాటలో తప్పేం లేదు.

ఇంకోటి ఊక. మిల్లులు ఫుల్లుగా నడిచే రోజుల్లో గాలిలో సన్నటి దుమ్ము. తడి పెయింట్ మీద అది పడితే ఇసుక కాగితంలా తయారవుతుంది. మే నెల ఎండకు థిన్నర్ గన్‌లోంచి బయటికొచ్చే లోపే ఆరిపోతుంది, ఫినిష్ గరుకుగా వస్తుంది. జూలై, ఆగస్టులో తేమకు రంగు పాలిపోయినట్టు తెల్లబారుతుంది, రుద్ది వదిలేసిన రేకు ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. అంటే ఏడాదిలో పెయింట్‌కు పనికొచ్చే కిటికీ జనవరి చివర నుంచి మార్చి మొదటి వారం దాకా. ఆరు వారాలు. దాన్ని మిస్ అయితే ఇంకో ఏడాది.

విడిభాగాల సంగతి కూడా అంతే. ఇంజన్, బ్రేకు సామాన్లు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో వెతికితే దొరికే ఆశ ఉంది. బాడీ సామాన్లకు ముంబై వైపే చూడాలి. అక్కడ నల్ల-పసుపు పద్మిని టాక్సీల్లో చివరిది 2023 అక్టోబర్ 30తో రోడ్డు దిగింది. వేల టాక్సీలు తిరిగినన్నాళ్లు ఆ సామాన్లకు మార్కెట్ ఉంది. ఇక స్టాక్ తగ్గడమే తప్ప పెరగదని నా అంచనా. అందుకే నా షీట్‌లో 'పని గంటలు' ఒక కాలమ్, 'ఎదురుచూపు రోజులు' ఇంకో కాలమ్. బీడింగుల సెట్టుకు 45 రోజులు రాశా. దాన్ని బిగించే రోజు కోసం ఆగకుండా ఇప్పుడే ఆర్డర్ పెట్టాలి.

ఒక డెడ్‌లైన్‌ను రెండుగా కోస్తే

దసరాకు పూర్తి రీస్టోరేషన్ అసాధ్యం. మరి దసరాకు ఏం సాధ్యం? బాపే దారి చూపిండు. "రంగు తర్వాత ఏపిద్దువు గని, ముందుగాల బండిని నడువనియ్యి."

మొదటి విడత: సేఫ్‌గా నడవాలి, ఆర్టీఏ ఇన్‌స్పెక్షన్ దాటాలి. అంతే. బ్రేకులు, సస్పెన్షన్‌లో తప్పనిసరివి 50 గంటలు. పెట్రోల్ లైను, ట్యాంకు, కార్బొరేటర్, పాయింట్లు, ప్లగ్గులు 30. లైట్లు, హారన్, వైపర్ వైరింగ్ 20. ఫ్లోర్ వెల్డింగ్ దగ్గర నిలబడి నేను చేసేది 20. మొత్తం 120. 1.6తో గుణిస్తే 192. నెలకు 25 చొప్పున ఏడున్నర నెలల పైన, అంటే సెప్టెంబర్ మొదటి వారం. వెల్డింగ్ మాత్రం మార్చి లోపే అయిపోవాలి, లేదంటే జూన్.

ఆ తర్వాత దసరా దాకా మిగిలేది ఆరు వారాలు. అది బఫర్ అనుకునేరు. ఆర్సీ గడువు ఎప్పుడో దాటిన బండి ఇది. 2025 ఆగస్టు కేంద్ర నోటిఫికేషన్‌తో 20 ఏళ్లు దాటిన కార్లకు ఆర్సీ రెన్యూవల్ ఫీజు 5,000 నుంచి 10,000 రూపాయలైంది. ఆలస్య రుసుము, గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ వేరే. 'వీఏ' సిరీస్ వింటేజ్ నంబర్ తీసుకోవచ్చు కదా అని కామెంట్ చేయబోతున్నవాళ్లకు: 2021 నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు నిండాలి. మాది 2034 దాకా మామూలు పాత కారే. ఢిల్లీలో పాత పెట్రోల్ బండ్లకున్న 15 ఏళ్ల గొడవ మాత్రం మనకు లేదు.

ఈ పద్ధతికి ఖర్చు ఉంది. రేపు పెయింట్‌కు ఇచ్చేటప్పుడు ఇప్పుడు బిగించినవే మళ్లీ విప్పాలి. 30 గంటలు డబుల్ పని. రీస్టోరేషన్ గురువులు దీన్ని ఒప్పుకోరు, మొత్తం విప్పి ఒకేసారి చేయమంటారు. ముక్కలు ముక్కలుగా విప్పేసిన కారు ఏళ్ల తరబడి డబ్బాల్లోనే ఉండిపోవడం కూడా మామూలే. 71 ఏళ్ల డ్రైవర్ ఉన్న ఇంట్లో 30 గంటలు నాకు చవక.

పనికొచ్చిన గ్యాడ్జెట్లు, పనికిరానివి

నా లెక్కలో టాప్ ర్యాంక్ ఫోన్‌కు తగిలించే ఎండోస్కోప్ కెమెరాదే. వెయ్యి, పదిహేను వందల్లో వస్తుంది. డోర్ కింద బాక్స్ లోపలికి, ట్యాంకు లోపలికి దూర్చి చూడొచ్చు. రేకు పైకి బాగానే ఉండి లోపల పొరలు పొరలుగా ఊడుతుంటే అంచనా మొదటి రోజే మారుతుంది, ఆరో నెలలో కాదు. దాని తర్వాత ఫ్రిజ్ మీది అయస్కాంతం, ఫ్రీ. బాడీ మీద జరుపుతూ పోండి, పట్టు వదిలిన చోటల్లా కింద పుట్టీ ఉన్నట్టే. మల్టీమీటర్, ఫీలర్ గేజ్, కంప్రెషన్ గేజ్ తప్పనిసరి. ఇంజన్ తిప్పే ముందు ప్లగ్గులు తీసి, సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, రాత్రంతా వదిలి, చేత్తో తిప్పి చూడండి. తర్వాత నాలుగు సిలిండర్ల కంప్రెషన్ దగ్గరదగ్గరగా ఉందంటే బోరింగ్ ఖర్చూ, లేత్ షాపు ఎదురుచూపూ తప్పినట్టే.

బ్యాటరీ ఇంపాక్ట్ రెంచ్ వీడియోలు చూసి ఆగమాగం కావొద్దు. నలభై ఏళ్ల బోల్టు దానికి ఊడదు, విరుగుతుంది. విరిగిన ఒక్క బోల్టు తీయడానికి ఒక ఆదివారం పోతుంది. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి తెల్లారి పానా పెట్టడమే నయం.

ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్. 1984 నాటి రబ్బరు పైపులు, వాషర్లు దానికి తట్టుకోవు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, ఎక్కువ రోజులు నిలబెట్టిన బండిలో ట్యాంకు లోపల తుప్పు పెరుగుతుంది. అందుకే పెట్రోల్ లైను మొత్తం ఇథనాల్‌కు తట్టుకునే పైపుతో మార్చడం మొదటి విడతలోనే పెట్టా.

ప్రతి బోల్టూ విప్పే ముందు వీడియో, జిప్ కవర్లో వేసి నంబరు, అదే నంబరు షీట్‌లో. 128 జీబీ ఫోన్ రెండు నెలలకే నిండుతుంది, ఆదివారం రాత్రి అంతా హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్తున్నా. నెలాఖరున ఒకటే చూస్తా: అనుకున్న గంటలెన్ని, పట్టిన గంటలెన్ని. జనవరి సగం, ఫిబ్రవరి కలిపి 24 గంటల పని అనుకున్నది 37 గంటలు పట్టింది. నిష్పత్తి 1.54. గుణకం ఇప్పటికైతే నిలబడింది. అది 1.8 దాటితే వైపర్, హారన్ వైరింగ్ ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చేస్తా. బ్రేకుల్లో మాత్రం ఏదీ తగ్గించను.

ఫ్లోర్ వెల్డింగ్ పోయిన వారం పూర్తయింది, అదే రోజు ప్రైమర్ కొట్టాం. వీల్ సిలిండర్లు నాలుగింటిలో మూడు దొరికాయి. రెండో విడత పెయింట్‌కు వచ్చే ఫిబ్రవరి మొదటి వారం స్లాట్ కావాలని మేస్త్రీకి ఇప్పుడే చెప్పి పెట్టా. ఆయన ఇంకా ఊ అనలేదు.